కెర్నల్ కరణం గారి పెత్తనం

ఇంటి పన్ను కట్టేది నేను. కరెంటు బిల్లు కట్టేది నేను. కంప్యూటరునూ, దానికి తగిలించే సమస్త సరంజామానూ కొన్నది నేను. ఆ బిల్లులన్నీ ఫైలు కట్టి బీరువాలో దాచింది కూడా నేనే. ఇంత చేసినా, ఈ ఇంట్లోకి ఫలానా వస్తువు వచ్చిందా లేదా, దాని పేరేమిటి, అది పాతదా కొత్తదా, ఒకటా మూడా అని తేల్చే అధికారం మాత్రం నాకు లేదు. ఆ అధికారం మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున కొలువుదీరిన కెర్నల్ గారిది. ఆయన్ని నేను నియమించలేదు. జీతం ఇవ్వడం లేదు కాబట్టి కోత పెట్టడానికీ వీల్లేదు. అందుచేత యావన్మంది గృహస్థుల తరఫున ఈ ఫిర్యాదు దాఖలు చేసుకుంటున్నాను.

ఫిర్యాదులో మొదటి అంశం మా ప్రింటరు. మా ఆవిడ బల్ల తుడుస్తూ దాని వైరు ఊడదీసి, పని అయ్యాక పక్క పోర్టులో పెట్టింది. అదే ప్రింటరు, అదే వైరు, అదే కంప్యూటరు. మారిందల్లా బెత్తెడు కూడా లేని దూరం. కెర్నల్ గారు మాత్రం ఇంట్లోకి కొత్త ప్రింటరు దిగిందని ప్రకటించి, పేరు పక్కన ‘కాపీ 1’ అని చేర్చారు. పాత ప్రింటరు ‘ఆఫ్‌లైన్’ అన్నారు. నేను ప్రింటుకు పంపిన పన్ను రసీదు ఆ లేని ప్రింటరు గుమ్మంలో క్యూ కట్టి నిలబడింది.

“ఏవండీ, ప్రింటరు ఎదురుగానే ఉందిగా, లేదంటుందేమిటి?” అని మా ఆవిడ అడిగింది.

“ప్రింటరైతే ఉంది గానీ, రికార్డు ప్రకారం ఇది అది కాదు” అన్నాను.

ఈ మాట ఒకప్పుడు తాలూకాఫీసులో విన్నాను. నా ఇంట్లో నా నోటితోనే అనాల్సి వస్తుందని ఊహించలేదు.

తాలూకాఫీసు మాట వచ్చింది కాబట్టి మనసులో మాట చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో కరణాల, మునసబుల పదవులను 1984 జనవరిలో రద్దు చేశారు. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో ఐబీఎం వారు పీసీ ఏటీ అనే కంప్యూటర్‌ను విడుదల చేశారు. ఈ రెంటికీ సంబంధం లేదని తెలిసినవాళ్లంతా అంటారు. నా అనుమానం నాది. ఇక్కడ పదవి ఊడిన కరణం అక్కడ చేరాడు. కాకపోతే భూమిని చూడకుండా పుస్తకాన్ని చూసి మాట్లాడే ఈ అలవాటు యంత్రానికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అయితే చేరిన తొలిరోజుల్లో కరణం గారి చేతిలో రిజిస్టరు లేదు. అది నా దగ్గరే ఉండేది. పీసీ ఏటీలో పరికరాలు ప్రాసెసర్‌ను పిలవడానికి 0 నుంచి 15 దాకా పదహారు లైన్లు ఉండేవి. వాటినే ఐఆర్‌క్యూలు అనేవాళ్లం. నంబరు 2 ఆ లైన్లను చూసుకునే రెండు చిప్పులను కలపడానికే సరిపోయేది. 0 టైమరుకు, 1 కీబోర్డుకు, 6 ఫ్లాపీకి, 14 హార్డ్ డిస్కుకు ముందే రాసి ఇచ్చేశారు. 3, 4 సీరియల్ పోర్టులవి, 7 ప్రింటరుది. మిగిలిన కాసిన్ని నంబర్ల కోసం సౌండ్ కార్డు, మోడెమ్, నెట్‌వర్క్ కార్డు కొట్టుకు చచ్చేవి. ఎవరికి ఏ నంబరో తేల్చేది జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క. దాన్ని గోళ్లతో పీకి పక్క పిన్నుల మీద గుచ్చాలి. రెండు కార్డులకు ఒకే నంబరు పడితే పాటా ఉండదు, ఫోనూ ఉండదు. కష్టమే, కాదనను. కానీ సౌండ్ కార్డుకు 5 రాసేది నేను. దాన్ని నోటుపుస్తకం చివరి పేజీలో ఎక్కించేది నేను. కార్డుకు తన పేరేమిటో తెలియదు, చెప్పమని అడిగేవాడూ లేడు. ఇంటి యజమాని ఏది రాస్తే అదే శాసనం.

1993లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఆ నోటుపుస్తకం నా చేతిలోంచి లాగేసుకున్నాయి. ప్లగ్ అండ్ ప్లే ఐఎస్ఏ అని నిబంధనల పుస్తకం ఒకటి వేసి, ఇకమీదట ప్రతి కార్డూ తన సంగతి తానే చెప్పుకోవాలని ఉత్తర్వు జారీ చేశాయి. చిక్కేమిటంటే, ఈ కార్డులు గుచ్చుకునే ఐఎస్ఏ బస్ మీద అన్నీ ఒకే తీగలకు వేలాడుతుంటాయి. ‘ఎవరక్కడ?’ అంటే అందరూ ఒక్కసారే ‘నేను’ అంటారు. ఆ రభసలోంచి ఒక్కొక్కరినీ విడదీయడానికి వాళ్లు కనిపెట్టిన తంతు మాత్రం, ఫిర్యాదుదారుణ్ణయినా ఒప్పుకుంటాను, ముచ్చటగా ఉంటుంది.

ముందుగా ఒక నిర్ణీత చిరునామాకు 32 బైట్ల వరసను పంపుతారు. అది వినగానే ప్లగ్ అండ్ ప్లే తెలిసిన కార్డులన్నీ చెవులు రిక్కిస్తాయి. ప్రతి కార్డులోనూ 72 బిట్ల గుర్తింపు ఉంటుంది. 32 బిట్లు ఎవరు చేశారు, ఏ మోడల్ అన్నదానికి, 32 బిట్లు సీరియల్ నంబరుకు, చివరి ఎనిమిది సరిచూసుకోవడానికి. ఇక ఒక్కో బిట్టూ అడుగుతారు. తన బిట్టు ఒకటైన కార్డు ముందు 55 అనీ, ఆ వెంటనే ఏఏ అనీ పలుకుతుంది. తన బిట్టు సున్నా అయిన కార్డు నోరు మూసుకుని వింటుంది. ఇంకెవరో 55, ఏఏ అనడం వినబడితే ఆ విడతకు మర్యాదగా తప్పుకుంటుంది. 72 బిట్లూ అయ్యేసరికి ఒక్కటే మిగులుతుంది. దానికి ఒకటో నంబరు ఇచ్చి కూర్చోబెట్టి, మిగతావాళ్లతో మళ్లీ మొదలు. అరుపులు లేవు, తోపులాట లేదు, ‘నేను ముందొచ్చా’ అనడం లేదు. మా అపార్ట్‌మెంటు సర్వసభ్య సమావేశంలో ఈ పద్ధతే పెట్టమని కార్యదర్శికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఇక్కడే ఖాతాలు చీల్చడం కూడా మొదలైంది. నేను కొన్నది ఒక సౌండ్ కార్డు. రిజిస్టరులో అది పాటలకు ఒక పరికరం, జాయ్‌స్టిక్కుకు ఒకటి, మిడీకి ఒకటి. లైనెక్స్ కెర్నల్‌లో ఈనాటికీ కార్డుకు ఒక ఖాతా, దానిలోని ఒక్కో పరికరానికీ విడివిడిగా ఇంకో ఖాతా. బిల్లు మాత్రం ఒకటే.

ప్రతి పరికరానికీ మూడు ఇంగ్లిష్ అక్షరాలు, నాలుగు హెక్స్ అంకెలతో (0 నుంచి 9, ఆపై ఏ నుంచి ఎఫ్) ఒక పేరు. తయారీదారు పెట్టిన సొంత పేరు కాక, ‘నేను ఫలానా కోవలోని వస్తువును’ అని చెప్పుకునే పేరు ఇంకొకటి ఉండవచ్చు. ఆ కోవ పేర్ల కోసం పీఎన్‌పీ అనే మూడక్షరాలను అట్టే పెట్టారు. పీఎన్‌పీ0303 అంటే కీబోర్డు. పీఎన్‌పీ0501 అంటే సీరియల్ పోర్టు. పీఎన్‌పీ0800 అంటే బీప్‌మనే స్పీకరు. సొంత పేరుకు సరిపడే డ్రైవర్ దొరికితే మేలు. దొరక్కపోతే కోవ పేరును పట్టుకుని, ఆ కోవకంతటికీ పనికొచ్చే డ్రైవర్‌తో సర్దుకోవచ్చు. పద్ధతిగా చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఒళ్లు మండించే సంగతి.

నోరు లేని వస్తువుల మాటేమిటి? 1996 డిసెంబరులో వచ్చిన ఏసీపీఐ అనే ప్రమాణం వాటికీ దారి చూపింది. బ్యాటరీ తన పేరు చెప్పుకోలేదు కాబట్టి మదర్‌బోర్డు చేసినవాడే ఒక పట్టికలో దాని పేరు రాసి పెడతాడు. కెర్నల్ ఆ పట్టికను చదువుకుంటాడు. బ్యాటరీ పీఎన్‌పీ0సీ0ఏ. పవర్ బటన్ పీఎన్‌పీ0సీ0సీ. ల్యాప్‌టాప్ మూత పీఎన్‌పీ0సీ0డీ. పాఠక మహాశయులు గమనించాలి. మూతకు అధికారిక నామధేయం ఉంది. రోజూ ఆ మూత తెరిచేవాడికి లేదు.

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చింది. తగిలించండి, వాడుకోండి అని ఊరూరా చాటారు. తగిలించి దండం పెట్టుకోండి అని జనం దిద్దుకున్నారు. ఈ బాధ సామాన్యుడికే అనుకోకండి. 1998 ఏప్రిల్ 20న షికాగోలో కామ్‌డెక్స్ ప్రదర్శన జరిగింది. బిల్ గేట్స్ వేదిక మీదే ఉన్నాడు. విండోస్ 98 ఎంత తేలిగ్గా పరికరాలను గుర్తుపడుతుందో చూపిద్దామని ఆయన సహచరుడు క్రిస్ కపోసెలా ఒక స్కానరును తగిలించాడు. తెర నీలంగా మారింది. సభ ఘొల్లుమంది. ఆ వీడియోను నేను తరచూ చూస్తుంటాను. ప్రపంచంలోకెల్లా ధనవంతుడికి సైతం కరణం గారు మొహమాటపడలేదన్న తలంపు నాకు ఎంతో ఊరట.

పెట్టె లోపలి కార్డులకే ఉన్న ఇంకో బస్, పీసీఐ సంగతి క్లుప్తంగా ముగిస్తాను. ఎందుకంటే దానిమీద నాకు పెద్దగా కోపం లేదు. 1992లో వచ్చిన ఈ పద్ధతిలో గోల లేదు. ఒక బస్ మీద 32 స్థానాలు, ఒక్కో స్థానంలో ఎనిమిది దాకా వాటాలు. కెర్నల్ ఒక్కో స్థానం ముందూ నిలబడి పిలుస్తాడు. ఎవరైనా ఉంటే చేసినవాడి నంబరు, వస్తువు నంబరు చెబుతారు. ఎవరూ లేకపోతే ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ అని వినబడుతుంది. అందుకే ఆ నంబరు ఏ కంపెనీకీ ఇవ్వరు. ఇంటెల్ వారు 1978 నాటి తమ చిప్పు పేరునే నంబరుగా పెట్టుకుని 8086 అయ్యారు. నంబరుతో పాటు వృత్తి కూడా చెప్పాలి. 01 అంటే సరుకు దాచేవాడు, 02 నెట్‌వర్క్, 03 తెర మీద బొమ్మ చూపేవాడు. కార్డులు పెట్టె లోపల స్క్రూలు బిగించి ఉంటాయి కాబట్టి మా ఆవిడ బల్ల తుడిచినా వాటి పేర్లు మారవు. స్థిరాస్తి అంటే అలా ఉండాలి.

అసలు తగాదా చరాస్తితోనే. యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. దీని మర్యాదలు చూడండి. పరికరం తగిలించగానే దానిలోని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఒక తీగను పైకి లాగుతుంది. ఎవరో వచ్చారని హబ్బుకు తెలిసేది అలాగే. వచ్చినవాణ్ణి ముందు రీసెట్ చేస్తారు, అంటే గతమంతా తుడిచేస్తారు. ఆ క్షణాన వాడి చిరునామా సున్నా. కొత్తగా వచ్చిన ప్రతివాడూ సున్నాయే కాబట్టి ఒకసారికి ఒక్కణ్ణే పలకరిస్తారు. తర్వాత 1 నుంచి 127 లోపు ఒక నంబరు ఇస్తారు. అంతవరకూ వాడు 100 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు తాగకూడదు. ఎవరో ఏమిటో తేలి, నమోదు పూర్తయ్యాకే 500. ఈ నియమం చుట్టాల కాఫీల విషయంలో అమలు చేస్తే బాగుంటుందని నాకు అనిపించింది గానీ, అనలేదు.

ఆ తర్వాత వాంగ్మూలం తీసుకుంటారు. పద్దెనిమిది బైట్ల పత్రం. అందులో చేసినవాడి నంబరు, వస్తువు నంబరు, వృత్తి ఉంటాయి. పేర్లు ఎక్కడున్నాయో చెప్పే మూడు గుర్తులు ఉంటాయి. తయారీదారు పేరుకు ఒకటి, వస్తువు పేరుకు ఒకటి, సీరియల్ నంబరుకు ఒకటి. ఆ మూడో గుర్తు దగ్గర సున్నా ఉంటే సీరియల్ నంబరు లేదని అర్థం. లైనెక్స్ వాడేవాళ్లు కెర్నల్ చిట్టాలో ‘సీరియల్ నంబర్ = 0’ అనే ముక్కను చూసే ఉంటారు. నా ప్రింటరు కాపురం కూల్చింది ఆ సున్నాయే.

కెర్నల్ వాదన ఇదీ. ఒకే కంపెనీ, ఒకే మోడల్ ప్రింటర్లు లక్షల్లో ఉంటాయి. పత్రాలన్నీ అచ్చు గుద్దినట్టు ఒక్కటే. సీరియల్ నంబరు ఉంటే ‘ఇది ఆ మనిషే’ అని ఏ పోర్టులో కనబడినా గుర్తుపట్టవచ్చు. లేనప్పుడు, రేపు అలాంటివే రెండు తగిలిస్తే ఏది ఏదో ఎలా చెప్పాలి? అందుకని విండోస్ ఏ హబ్బు, ఎన్నో పోర్టు అన్నదాన్ని కలిపి తానే ఒక పేరు అల్లుకుంటుంది. అలా ఇంటిపేరుకు బదులు వీధి పేరు పెట్టుకున్నవాడు వీధి మారితే ఏమవుతాడు? కొత్త మనిషే అవుతాడు. వాదన పకడ్బందీగా ఉంది. ఎదురుగా కూర్చున్న నన్ను ‘ఇది పాతదేనా?’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది కదా అన్నదే నా వాదన. నా వాదనకు రిజిస్టరులో గడి లేదు.

మా వాడి ఎలక్ట్రానిక్స్ బోర్డుదీ ఇదే గతి. దానిలోని సీరియల్ చిప్పుకు సొంత నంబరు లేదు. పోర్టు మార్చినప్పుడల్లా కొత్త కామ్ పోర్టు నంబరు పుట్టుకొస్తుంది. కామ్ 3గా మొదలైన బోర్డు కామ్ 14 దాకా ఎదిగింది. “నాన్నా, 256 దాకా చోటుందిలే” అని వాడు ధైర్యం చెప్పాడు. డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలను చూపించమంటే ఆ పాత నంబర్లన్నీ వెలసిపోయిన బొమ్మలుగా వరసన నిలబడతాయి. ఎప్పుడో అమ్మేసిన మౌసు, మా బావమరిది ఒక్క పూట తగిలించిన పెన్‌డ్రైవు, కాలం చేసిన వెబ్‌కామ్, అందరూ అక్కడే. పోయినవాళ్ల పేర్లు కొట్టేయడం ఏ కరణానికి మాత్రం చేతనైంది!

లైనెక్స్‌కు మారితే ఈ బాధ ఉండదని మా వాడు సలహా ఇచ్చాడు. మారాను. ఈయన జబ్బు వేరు. విండోస్ ఆయనది ఏదీ మరవని జబ్బయితే ఈయనది ఏదీ గుర్తుంచుకోని జబ్బు. కంప్యూటరు ఆపి మళ్లీ వేస్తే కెర్నల్ అందరినీ కొత్తగా పలకరిస్తాడు. ముందు పలికినవాడు టీటీవై యూఎస్‌బీ 0, తర్వాత పలికినవాడు టీటీవై యూఎస్‌బీ 1. రేపు రెండోవాడు ముందు పలికితే పేర్లు తారుమారు. ఈ గందరగోళం సర్దడానికే గ్రెగ్ క్రోహార్ట్‌మన్ 2003లో యూడెవ్ అనే ఉపకరణం రాశాడు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్ సిస్‌ఎఫ్‌ఎస్ అనే బహిరంగ రిజిస్టరు తెరిచింది. అందులో పరికరాల వంశవృక్షం మొత్తం కనిపిస్తుంది. 1-2.3 అని ఉంటే మొదటి బస్, దాని రెండో పోర్టు, అక్కడి హబ్బులో మూడో పోర్టు అని అర్థం. యూడెవ్ ఒకే పరికరానికి రెండు రకాల స్థిరమైన పేర్లు ఇస్తుంది, ఒకటి గుర్తింపును బట్టి, ఒకటి స్థలాన్ని బట్టి. కావాలంటే మన సొంత పేరు కూడా రాసుకోవచ్చు. గృహస్థుడి మాటకు గడి ఉన్న రిజిస్టరు నేను చూసింది ఇదొక్కటే. అది రాయడానికి నేర్వాల్సిన వ్యాకరణం మాత్రం చిన్నయసూరి పెట్టిన పరీక్షలా ఉంది.

ఇక వాటాల పంపకం. ఆల్ ఇన్ వన్ అని చెప్పి నాకు ప్రింటరు అమ్మారు. యూఎస్‌బీలో డ్రైవర్ దొరికేది మొత్తం పరికరానికి కాదు, దానిలోని ఒక్కో ఇంటర్‌ఫేసుకు. అందుకని నా ఆల్ ఇన్ వన్‌ను కెర్నల్ ముందు ముక్కలు చేశాడు. వృత్తి 07 ప్రింటరు, వృత్తి 08 మెమరీ కార్డు అర, వృత్తి ఎఫ్ఎఫ్ స్కానరు. ఎఫ్ఎఫ్ అంటే ‘నా వృత్తి ఏమిటో మా కంపెనీవాళ్లకే తెలుసు, వాళ్ల డ్రైవర్ తెచ్చుకోండి’ అని. వెబ్‌కామ్ దగ్గర ఇంకో తిరకాసు. దానిలో బొమ్మకు ఇంటర్‌ఫేసులు కొన్ని, మైకుకు కొన్ని. వాటిలో ఏవి ఏ జట్టువో చెప్పడానికి ఒక ప్రత్యేక పత్రం ఉంది. అది లేకపోతే ఎవరు ఎవరి తాలూకో తెలియక చెల్లాచెదురవుతారు.

ఇలా ఇల్లిల్లూ ముక్కలు చేశాక, విండోస్ 7 వారికి 2009లో ఉమ్మడి కుటుంబం మీద బెంగ పుట్టింది. ముక్కలన్నిటికీ కంటెయినర్ ఐడీ అని ఒకే 128 బిట్ల నంబరు తగిలించి, ‘డివైసెస్ అండ్ ప్రింటర్స్’ అనే కిటికీలో మళ్లీ ఒకే బొమ్మగా చూపించారు. సీరియల్ నంబరు ఉంటే దాన్నిబట్టి ఆ నంబరు తయారవుతుంది. లేకపోతే ‘ఇది ఊడదీయగలిగేదేనా?’ అని చూస్తారు. ఊడివచ్చే వస్తువు దగ్గర కొత్త కుటుంబం మొదలై, దాని కింద ఉన్నవాళ్లంతా అదే గోత్రం అవుతారు. ఊడిరానివాళ్లందరూ కంప్యూటరు సంతానం. కంప్యూటరుకు పదహారు సున్నాలు, పదహారు ఎఫ్‌లు వరసగా రాసిన నంబరు. ల్యాప్‌టాప్ లోపల బిగించిన కెమెరా కూడా యూఎస్‌బీ తీగ మీదే ఉంటుంది. అది ఊడివచ్చేది కాదని బయోస్ పట్టికలో రాయడం మదర్‌బోర్డువాడు మరిచిపోతే, పుట్టినప్పటినుంచీ తెర పైన కూర్చున్న కెమెరా రికార్డులో చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉంటుంది.

మొత్తం మీద కెర్నల్ ధర్మం ఒక్కటే. వచ్చినవాడు తన గురించి ఏం చెబితే అది రాసుకుంటాడు. నిజమా కాదా అని విచారించడు. 3జీ డాంగిళ్లు వాడిన రోజులు గుర్తున్నాయా? తగిలించగానే ‘నేను సీడీ డ్రైవును’ అని చెప్పేవి. కెర్నల్ నమ్మి సీడీ బొమ్మ చూపేవాడు. ఆ ఉత్తుత్తి సీడీలోంచి కంపెనీ సాఫ్ట్‌వేరు ఎక్కాక, డాంగిల్ తనంతట తాను ఊడిపోయినట్టు నటించి, ఇంకో నంబరుతో మోడెమ్‌గా తిరిగొచ్చేది. కెర్నల్ మళ్లీ నమ్మేవాడు. లైనెక్స్‌లో ఈ వేషం మార్పించడానికే మోడ్‌స్విచ్ అని ఒక ప్రోగ్రాం రాయాల్సి వచ్చింది.

అది పగటివేషం. దొంగవేషం 2014లో బయటపడింది. ఆ ఏడాది బ్లాక్ హ్యాట్ సభలో కార్స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అనే ఇద్దరు, పెన్‌డ్రైవు లోపలి చిప్పులో రాతను మారిస్తే అది ‘నేను కీబోర్డును’ అని చెప్పుకుని తనంతట తానే ఆదేశాలు టైపు చేయగలదని చూపించారు. కెర్నల్ ‘చిత్తం’ అన్నాడు. అదే ఏడాది ఎఫ్‌టీడీఐ అనే చిప్పుల కంపెనీ తన నకిలీల మీద కోపంతో ఒక డ్రైవర్ వదిలింది. విండోస్ అప్‌డేట్ ద్వారా ఇళ్లలోకి వచ్చిన ఆ డ్రైవర్, నకిలీ చిప్పు దొరికితే దాని వస్తువు నంబరును చెరిపి 0000 రాసింది. చిప్పు బాగానే ఉంది, పని చేసే సత్తువ ఉంది, పేరు మాత్రం లేదు. పేరు లేనివాడికి కెర్నల్ రాజ్యంలో కూడు లేదు. ఆ చిప్పు నకిలీదని, కొన్న గృహస్థుకు ఎలా తెలుస్తుంది? గొడవ పెద్దదయ్యేసరికి కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది.

అబద్ధమాడి సీడీ డ్రైవునన్న డాంగిల్‌ను నమ్మాడు. కీబోర్డునన్న పెన్‌డ్రైవును నమ్మాడు. ఏ అబద్ధమూ ఆడకుండా ఊరికే పక్క పోర్టుకు జరిగిన నా ప్రింటరును నమ్మలేదు. ధర్మాసనం ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే నా కేసు సగం గెలిచినట్టే.

ఇక నా విన్నపాలు. ఒకటి, ప్రతి పరికరానికీ తనదంటూ ఒక సీరియల్ నంబరు ఉండాలి. పెన్‌డ్రైవుల విషయంలో ఈ నిబంధన రాతలో ఉంది. కనీసం పన్నెండు అక్షరాలు ఉండాలని కూడా ఉంది. మూడు వందల రూపాయల పెన్‌డ్రైవుకు తన పేరు తెలిసినప్పుడు, వేలు పోసి కొన్న ప్రింటరుకు తెలియకపోవడం ఆ ప్రింటరుకే అవమానం. రెండు, అనుమానం వచ్చినప్పుడు ఇంటి యజమానిని ఒక్కసారి అడగాలి. సాక్షిగా అయినా సరే. మూడు, పోయినవాళ్ల పేర్లు ఏడాదికోసారి కొట్టేయాలి. నాలుగు, ‘కోడ్ 43’ అని చెప్పి తప్పుకోవడం మానాలి. పరికరం తన బాధ చెప్పుకుంది కాబట్టి ఆపేశాను అన్నది ఆ కోడ్ సారాంశం. ఆ బాధేమిటో మాత్రం చెప్పరు.

అయిదో విన్నపం భాషది. యూఎస్‌బీ పరికరం తన పేరును ఏయే భాషల్లో చెప్పగలదో కూడా ముందుగా చెప్పాలి. దానికోసం భాషలకు నంబర్లున్నాయి. అమెరికన్ ఇంగ్లిష్ 0409. తెలుగు 044ఏ. ఔను, ఉంది. ఏ తయారీదారైనా రేపటినుంచి తన ప్రింటరు పేరు తెలుగులో చెప్పించవచ్చు. అడ్డుపడే నిబంధన ఏదీ లేదు. మా ఇంట్లోని పరికరాలన్నిటినీ పరీక్షించాను. అన్నీ 0409 మాత్రమే పలుకుతున్నాయి. కొన్నింటికి పేరే ‘జనరిక్’. కన్నవాళ్లు బిడ్డకు ‘బిడ్డ’ అని పేరు పెట్టినట్టు.

ఇంత రాశాక, న్యాయంగా ఆలోచిస్తే కెర్నల్ గారి తప్పు ఇందులో తక్కువని తేలుతోంది. ఆయన అడగాల్సింది అడిగాడు, చెప్పింది రాసుకున్నాడు. సీరియల్ నంబరు గడిలో సున్నా పెట్టి ఒక్కో డబ్బా మీద నాలుగు పైసలు మిగుల్చుకున్నది చేసినవాడు. కరణం గారి మీద ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోను. అలవాటైన ప్రతివాదిని వదులుకోవడం నా వల్ల కాదు.

మొన్న సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, కొత్త ప్రింటరు చూపించమన్నాను. ధర అడగలేదు, వారంటీ అడగలేదు. “దీనికి సొంత సీరియల్ నంబరు ఉందా?” అన్నాను. కుర్రాడు అట్టపెట్టె తిప్పి, కింద అంటించిన స్టిక్కరు చూపించాడు. “పెట్టె మీద కాదు నాయనా, లోపల, పద్దెనిమిది బైట్ల పత్రంలో” అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, “సార్, మీకెందుకండీ ఈ గోలంతా? ఏ పోర్టుకైనా పెట్టుకోండి, పనిచేస్తుంది” అన్నాడు.

పనిచేయదని నేనెప్పుడన్నాను? పెట్టిన ప్రతిచోటా కొత్తగా పనిచేస్తుంది. అదే కదా నా ఫిర్యాదు!